ట్రాఫిక్ మోడళ్ల మీద కోట్లు పెడితే హైదరాబాద్‌కి ఏం ఒరుగుతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మెట్రో అన్నా, ఫ్లైఓవర్ అన్నా, మాస్టర్ ప్లాన్ అన్నా ముందు ఒక కన్సల్టెంట్ వస్తాడు, కంప్యూటర్ మోడల్ అంటాడు, కోట్లలో బిల్లవుతుంది, 2041లో ఎంతమంది ఎక్కడికి వెళ్తారో చెప్పే లావుపాటి రిపోర్టు వస్తుంది. అయినా జేఎన్‌టీయూ జంక్షన్ దగ్గర మనం నిలబడే టైమ్ మాత్రం తగ్గదు. ఇదంతా దండగ ఖర్చేనా? అసలు ఆ మోడల్ లోపల ఏముంటుంది? మాలాంటి మామూలు వాళ్లం దీని మీద ఏం చేయగలం?

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. క్లిప్‌బోర్డు పట్టుకుని ఇంటింటికీ తిరగడంతో మొదలుపెట్టి, మోడల్ నడిపే కుర్చీ దాకా వచ్చాను. ఆ తర్వాత ప్రభుత్వం తరఫున వేరేవాళ్ల మోడల్‌ని తనిఖీ చేసే పని కూడా చేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మోడల్‌కి పెట్టే డబ్బు ఎక్కువేం కాదు, కట్టే ప్రాజెక్టులతో పోలిస్తే చిల్లర కిందే లెక్క. కానీ మోడల్ పేరు చెప్పి మన ప్రభుత్వాలు కొంటున్నది రిపోర్టుని. రిపోర్టు బీరువాలోకి వెళ్తుంది, మోడల్ కన్సల్టెంట్ దగ్గరే ఉండిపోతుంది. మళ్లీ అయిదారేళ్లకి అదే పనికి కొత్త టెండరు.

ముందు లోపల ఏముంటుందో చూద్దాం. నగరాన్ని జోన్లుగా ముక్కలు చేస్తాం. హైదరాబాద్ అంత నగరానికి అవి వందల్లో ఉంటాయి. ఒక్కో జోన్‌లో జనం ఎంత, ఉద్యోగాలెన్ని, స్కూలు సీట్లెన్ని, బండ్లెన్ని అని లెక్క పెడతాం. దాన్నిబట్టి పొద్దున ఆ జోన్ నుంచి ఎన్ని ప్రయాణాలు బయల్దేరతాయో కట్టడం మొదటి మెట్టు. అవి ఏ జోన్‌కి చేరతాయన్నది రెండోది. ఇక్కడ వాడే సూత్రం న్యూటన్ గురుత్వాకర్షణకి తమ్ముడి వరస: ఉద్యోగాలు ఎక్కువున్న చోటు గట్టిగా లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు సన్నగిల్లుతుంది. బస్సా, మెట్రోనా, బైకా అన్నది మూడోది. ఏ రోడ్డు మీదుగా అన్నది నాలుగోది. 1950ల్లో డెట్రాయిట్, షికాగో నగరాల స్టడీల్లో ఈ పద్ధతి రూపు దిద్దుకుంది. క్యూబ్, ట్రాన్స్‌క్యాడ్, విసుమ్ అని సాఫ్ట్‌వేర్ పేర్లు ఎన్ని మారినా మన దగ్గర వచ్చే మోడళ్లు చాలావరకు ఈ నాలుగు మెట్లే ఎక్కుతాయి.

చెప్పినంత సేపు ఇది శుభ్రంగానే ఉంటుంది. డేటా దగ్గర మొదలవుతుంది అసలు కథ.

నేను ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో మౌలాలి దగ్గర ఒక బస్తీలో ఇంటింటి సర్వే చేస్తున్నాం. ఫారం పెద్దది. ఇంట్లో ఎంతమంది, నిన్న ఎవరెవరు ఎక్కడికెళ్లారు, ఎన్నింటికి బయల్దేరారు, దేనిమీద, టికెట్ ఎంత. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న ఒక పెద్దమ్మని అడిగితే, "మా ఇంట్ల ఎవ్వలు ఎటు పోరు బిడ్డా, కొడుకొక్కడే డ్యూటీకి పోతడు" అంది. పోను ఒకటి, రాను ఒకటి, రెండు ప్రయాణాలు రాసుకున్నాను. ఇంతలో కోడలు కూరగాయల సంచితో వచ్చింది. ఆవిడ రోజూ మార్కెట్‌కి పోతుందట. వెనకే మనవడు ట్యూషన్ నుంచి వచ్చాడు. మాటల్లో తెలిసిందేమిటంటే పెద్దమ్మ కూడా ముందురోజు పొద్దున నడిచి గుడికి, గుడి నుంచి రేషన్ షాపుకి, అక్కణ్నుంచి ఇంటికి తిరిగొచ్చింది. "అది గూడ పోవుడేనా బిడ్డా?" అని నవ్వింది. రెండు అనుకున్న ఇల్లు తొమ్మిదికి వచ్చింది.

ఆ రోజు నేను అక్కడ అరగంట కూర్చున్నాను కాబట్టి తొమ్మిది. సర్వే కుర్రాళ్లకి ఫారానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. మధ్యాహ్నం ఎండలో, ఇంకా ఇరవై ఇళ్లు మిగిలి ఉంటే ఎవరైనా రెండు రాసుకుని లేచిపోతారు. వాళ్లని తప్పుపట్టను. కానీ అలా జారిపోయేవి ఎవరి ప్రయాణాలు? ఎక్కువగా ఆడవాళ్లవి, పిల్లలవి, నడిచి వెళ్లేవి. మోడల్‌లో లేని ప్రయాణానికి ఫుట్‌పాత్ అక్కర్లేదు. ఆఫీసుకి కారులో వెళ్లే మగవాడి ప్రయాణం మాత్రం ఎప్పుడూ జారిపోదు, ఫారంలో మొదటి గడి అతనిదే.

జంక్షన్ల దగ్గర వాహనాల లెక్క కూడా అంతే. ఒకసారి ఇరవై నాలుగు గంటల కౌంట్ షీట్లు సరిచూస్తుంటే రాత్రి 2 నుంచి 4 మధ్య ప్రతి పావుగంటకీ ఆటోలు 12, 14, 12, 14 అని ముగ్గు చుక్కల్లా వచ్చాయి. కుర్రాళ్లు ఒక కునుకు తీసి, లేచాక నింపేశారన్నమాట. ఇప్పుడు కెమెరాలు పెడుతున్నారు, ఈ బెడద కొంత తగ్గింది.

లెక్కపెట్టిన వాహనాలని ఒకే కొలతలోకి మార్చాలి. దాన్ని పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అంటాం, ఒక్కో బండి ఎన్ని కార్లతో సమానమో చెప్పే లెక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి పట్టణ రోడ్ల మార్గదర్శకాల్లో కారు 1 అయితే, ట్రాఫిక్‌లో తన వాటాని బట్టి బైక్ 0.5 నుంచి 0.75, బస్సు 2.2 నుంచి 3.7 దాకా ఉంటుంది. అరవై మందిని మోసే బస్సు ఎక్కువలో ఎక్కువ 3.7 కార్లతో సమానం అన్నమాట. రోడ్డు ఆక్రమించే చోటు పరంగా ఇది సబబే. కానీ నివేదికలో చివరి పట్టిక మనుషుల్లో కాకుండా పీసీయూల్లో ఉంటే బస్సు పెద్ద అడ్డంకిలా కనిపిస్తుంది, దాన్ని రోడ్డు పక్కకి నెట్టే సిఫారసు వస్తుంది. మీరెప్పుడైనా రిపోర్టు చదివితే ముందు ఇది చూడండి: పట్టికల్లో ఉన్నది మనుషులా, బండ్లా?

మూడో మెట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మెట్రో లెక్కలన్నీ ఇక్కడే తేలతాయి. మనిషి బండిలో కూర్చుని గడిపే నిమిషం కంటే నడిచే నిమిషం, ఎదురుచూసే నిమిషం బరువు. మోడళ్లలో మామూలుగా వాటిని రెండింతలుగా తూస్తారు. ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఇంటి నుంచి స్టేషన్‌కి 8 నిమిషాల నడక, రైలు కోసం 4 నిమిషాలు, మెట్రోలో 25, దిగాక ఆఫీసుకి 12 నిమిషాల నడక. వాచీ చూస్తే 49 నిమిషాలు. మోడల్ తూకంలో 16, 8, 25, 24 కలిపి 73. అదే మనిషికి బైక్ మీద 45 నిమిషాలైతే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు దిగిన చోట షటిల్ ఆటోయో, సవ్యమైన దగ్గరి దారో పెట్టి ఆ చివరి 12 నిమిషాలని 4 చేశామనుకోండి. మొత్తం 57కి దిగుతుంది. ఒక్క బోగీ కొత్తగా కొనకుండా 16 నిమిషాల బరువు తీసేసినట్టు. ఇలాంటి ప్రశ్నలకి మోడల్ చాలా బాగా పనికొస్తుంది. విచిత్రం ఏమిటంటే ఇవి ఎవరూ అడగరు. "2041లో ఎంతమంది ఎక్కుతారు" అన్న ఒక్క ప్రశ్నే అడుగుతారు. అది మోడల్ అతి తక్కువ నమ్మకంతో చెప్పగలిగేది.

నాలుగో మెట్టులో రోడ్డు నిండేకొద్దీ టైమ్ ఎలా పెరుగుతుందో చెప్పే ఒక సూత్రం ఉంటుంది. అమెరికా రోడ్ల శాఖ 1960ల్లో తయారుచేసింది. ఖాళీగా ఉంటే 10 నిమిషాలు పట్టే రోడ్డు పూర్తి సామర్థ్యానికి నిండితే 11.5 నిమిషాలు అవుతుంది. ఒకటిన్నర రెట్లు నింపితే 17.6, రెండింతలు నింపితే 34 నిమిషాలు. కాగితం మీద రెండింతలు నింపొచ్చు. నిజంగా రోడ్డు మీద నింపగలమా? గంటకి నాలుగు వేల బండ్లు పట్టే చోట ఎనిమిది వేలు పోవు, మిగిలిన నాలుగు వేలూ వెనక క్యూలో నిలబడతాయి. ఈ రకం మోడల్‌కి క్యూ అంటే తెలియదు. అందుకే ఫ్లైఓవర్ కట్టకముందు మోడల్‌లో జంక్షన్ దగ్గరి జామ్ మాయమైపోతుంది. కట్టాక అదే జామ్ ఫ్లైఓవర్ దిగే చోటికి మకాం మారుస్తుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు రోజూ వెళ్లేవాళ్లకి ఇది నేను వివరించక్కర్లేదు.

ఇంకోటి, కొత్త రోడ్డు వస్తే జనం ఇళ్లు మారతారు, బండ్లు కొంటారు, ఉద్యోగాలు దూరంగా వెతుక్కుంటారు. ఆ మార్పుని తిరిగి మొదటి మెట్టులోకి పంపి మళ్లీ రన్ చేయాలి. దానికి టైమ్ పడుతుంది, గడువు దగ్గరపడుతుంది. అందుకని పాత ప్రయాణాలనే కొత్త ఫ్లైఓవర్ మీద నడిపించి "ఇంత టైమ్ ఆదా" అని రాసేస్తారు. నేనూ రాశాను. బడ్జెట్‌లో దానికి పని దినాలు లేవు.

ఇప్పుడు మీరు అసలు మనసులో పెట్టుకుని అడిగిన విషయం: మెట్రో. మొదటి దశ మూడు కారిడార్లు కలిపి 2024కి రోజుకి 22 లక్షల మంది ఎక్కుతారని అంచనా వేశారు. ఆ ఏడాది నిజంగా ఎక్కింది అయిదు లక్షలకి అటూ ఇటూ. ఇది చూసి "మోడల్ అబద్ధం" అనడం తేలిక. కానీ ఆ 22 లక్షల వెనకున్న షరతులు ఎన్ని నెరవేరాయో కూడా చూడాలి. పాతబస్తీలో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా గీసిన ముక్క కట్టనే లేదు. రైలు 2017 నవంబరులో మొదలైంది, జేబీఎస్-ఎంజీబీఎస్ ముక్క 2020 ఫిబ్రవరిలో తెరిచారు, మరుసటి నెలలోనే లాక్‌డౌన్. ఐటీ ఆఫీసులు ఇళ్లకి తరలిపోయాయి. తర్వాత 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. పక్కనే టికెట్ లేని బస్సు పోతుంటే మెట్రో ఎక్కాలా వద్దా అన్న లెక్కే మారిపోతుంది. పదిహేనేళ్ల కింద కూర్చుని కరోనానీ, జీరో టికెట్‌నీ ఏ మోడల్ కనిపెట్టలేదు. అవి వచ్చిన రోజున మోడల్ తెరిచి, టికెట్ ధర గడిలో సున్నా పెట్టి మళ్లీ రన్ చేసేవాళ్లు ఉన్నారా అన్నది నా ప్రశ్న.

అంచనాలో ఆశ ఎంత కలుస్తుందో చూడాలంటే మన మెట్రో టెండర్ల కథే చాలు. 2008లో సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ఆధ్వర్యంలోని కన్సార్షియం ప్రభుత్వం పైసా ఇవ్వక్కర్లేదు, మేమే ఒప్పంద కాలంలో 30,311 కోట్లు ఎదురిస్తామంది. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో అది రద్దయింది. 2010లో మళ్లీ పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంటు కావాలని వచ్చి గెలిచింది. అదే నగరం, దాదాపు అదే పట్టాలు, మధ్యలో రెండేళ్లు. ఒకరు ఎదురిస్తామన్నారు, ఒకరు ఇవ్వమన్నారు. రియల్ ఎస్టేట్ మీద ఆశ అందులో పెద్ద భాగం, నిజమే. కానీ అంత తేడాని మింగగలిగిన ప్రాజెక్టులో ప్రయాణికుల సంఖ్య ఒక్కటే రాతి మీద గీత అనుకోవడం అమాయకత్వం.

ఈ రోగం మనదొక్కరిదే కాదు. డెన్మార్క్‌కి చెందిన ఫ్లివ్‌బ్యెర్గ్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 14 దేశాల్లోని 210 రవాణా ప్రాజెక్టుల అంచనాలనీ, తర్వాత నిజంగా వచ్చిన సంఖ్యలనీ పక్కపక్కన పెట్టి 2005లో అచ్చువేశాడు. పది రైలు ప్రాజెక్టుల్లో తొమ్మిదింటి అంచనా పైకే తప్పింది, సగటున నిజానికి రెండింతలకి పైగా. లెక్క రానివాళ్లు చేసిన తప్పయితే సగం పైకి, సగం కిందికి ఉండాలి కదా. దాదాపు అన్నీ ఒకే వైపు ఒరిగాయంటే ఎవరో ఒక చెయ్యి వేస్తున్నారనే.

ఆ చెయ్యి ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూశాను. 2017 మెట్రో రైల్ పాలసీ ప్రకారం కేంద్రం డబ్బు రావాలంటే ప్రాజెక్టు ఆర్థిక రాబడి రేటు 14 శాతం దాటాలి. ఆ రాబడిలో పెద్ద ముక్క జనానికి ఆదా అయ్యే సమయం. ఆదా అయ్యే సమయం ఎక్కేవాళ్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఒక నగరంలో (హైదరాబాద్ కాదు) మా మొదటి రన్‌లో 11 చిల్లర వచ్చింది. ఎవరూ "అంకె మార్చండి" అనలేదు. అలా ఎప్పుడూ అనరు. "సార్, స్టేషన్ల చుట్టూ ఎత్తయిన బిల్డింగులకి పర్మిషన్ ఇవ్వబోతున్నాం కదా, ఆ జనాభా కలిపారా?" అన్నారు. కలిపాం. "ఫీడర్ బస్సులు ప్రతి అయిదు నిమిషాలకీ వస్తాయి, అది పెట్టారా?" పెట్టాం. "సిటీలోకి వచ్చే కార్లకి పార్కింగ్ చార్జీ పెంచుతాం." అదీ పెట్టాం. సాయంత్రానికి 14 దాటింది. ఒక్కో ఊహా విడిగా చూస్తే న్యాయమే, మూడూ కలిసి జరిగే నగరం మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. ఆ ఊహలు రిపోర్టు అనుబంధంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉన్నాయి, పేపర్లో వచ్చింది పెద్ద అంకె ఒక్కటే.

మోడల్ నిజం చెప్పగలదా అంటే చెప్పగలదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బార్ట్ రైలు 1970ల మొదట్లో తెరిచే ముందు, ఉద్యోగాలకి వెళ్లేవాళ్లలో 15 శాతం అది ఎక్కుతారని అధికారిక అంచనా. బర్క్‌లీ ప్రొఫెసర్ డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం తమ మోడల్‌తో 6.3 శాతం అంది. నిజంగా వచ్చింది 6.2. బస్సా బైకా అన్న మూడో మెట్టుకి ఇవాళ అందరూ వాడే గణితం ఆయన పెట్టిందే, 2000లో నోబెల్ వచ్చింది. అంత దగ్గరగా రావడంలో కొన్ని తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న అదృష్టమూ ఉందని ఆయనే చెప్పుకున్నాడు. నాకు ఇందులో నచ్చేది మరోటి. రైలు కట్టాలా వద్దా అన్నది ఆ అంకె మీద ఆధారపడలేదు. అందుకే ఆ అంకెని ఎవరూ లాగలేదు.

ఖర్చు సంగతికి వద్దాం. ఈ రకం పనికి ప్రభుత్వ ధనం ఎలా పెట్టాలో అమెరికా 1962లో ఒక చట్టంతో తేల్చింది. యాభై వేలు దాటిన ప్రతి పట్టణ ప్రాంతంలో నిరంతరం సాగే ప్రణాళిక ఉంటేనే కేంద్రం రోడ్డు డబ్బు ఇస్తుంది. "నిరంతరం" అన్న మాట చట్టంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ కూడా మొదట్లో అక్కడి ప్రభుత్వమే రాయించి నగరాలకి పంచింది. ఇప్పుడు అక్కడ నాలుగు వందల పైచిలుకు ప్రాంతీయ ప్లానింగ్ సంస్థలున్నాయి. మోడల్ ఆ సంస్థ సొత్తు, కన్సల్టెంట్ వస్తాడు పోతాడు. అలాగని అక్కడ డబ్బు వృథా కాలేదని కాదు. 1990ల్లో లాస్ అలమోస్ అణు ప్రయోగశాల చేత ట్రాన్సిమ్స్ అని ఒక్కో మనిషినీ సెకను సెకనుకీ అనుసరించే భారీ మోడల్ రాయించారు. ఎంతో ఖర్చయింది, రోజువారీ పనికి వాడుకున్న నగరాలు బహు తక్కువ. డేటా మేత పెట్టలేక చేతులెత్తేశారు. మోడల్ ఎంత పెద్దదైతే దాని ఆకలి అంత పెద్దది. మన దగ్గర ఎవరైనా "ఏఐతో డిజిటల్ ట్విన్" (నగరానికి కంప్యూటర్‌లో నకలు) అంటూ వస్తే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

మన దగ్గర ఏం జరుగుతుందో నా అనుభవమే చెప్తాను. ఒక నగరంలో కొత్త స్టడీకి చేరినప్పుడు పాత స్టడీ మోడల్ ఫైళ్లు ఇమ్మని ఆఫీసులో అడిగాం. నాలుగు వారాలు తిరిగాక ఒక సీడీ ఇచ్చారు. అందులో పీడీఎఫ్‌లు, పవర్ పాయింట్లు, మంత్రిగారి సమీక్ష ఫొటోలు ఉన్నాయి. రోడ్ల నెట్‌వర్క్ లేదు, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కి ఎన్ని ప్రయాణాలో చెప్పే పట్టిక (ఓడీ మ్యాట్రిక్స్) లేదు, ఇంటింటి సర్వే ఫారాల డేటా లేదు. అప్పటి కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్తే ఆ టీమ్ లీడర్ దుబాయ్ వెళ్లిపోయాడన్నారు. వేల ఇళ్లు తిరిగి, ప్రజల డబ్బుతో సేకరించిన డేటా అది. మేం మళ్లీ అవే వీధులు తిరిగాం, ప్రభుత్వం మళ్లీ డబ్బు కట్టింది. నిజం చెప్పాలంటే మా కంపెనీ దీనికి బాధపడలేదు. పాత ఫైళ్లు దొరికి ఉంటే మా బిల్లు తగ్గేది.

హైదరాబాద్‌లో ఈ పని ప్రభుత్వం తన దగ్గరే పెట్టుకోవడానికి సంస్థ లేక కాదు. నగర రవాణా అంతటికీ ఒకే గొడుగుగా హుమ్టా 2008 నాటికే కాగితాల మీద ఉంది. 1980ల్లోనే నగరానికి ఒక సమగ్ర రవాణా స్టడీ జరిగింది. 2011ని ఆధార సంవత్సరంగా తీసుకుని హెచ్‌ఎండీఏ మొత్తం మహానగర ప్రాంతానికి ఇంకోటి చేయించింది. ఇప్పుడు మెట్రో రెండో దశ పేరుతో మళ్లీ కొత్త మొబిలిటీ ప్లాన్. ప్రతిసారీ నేల మీద నుంచే మొదలు.

పైగా జనాభా లెక్క దగ్గరే నేల కదిలిపోయింది. అప్పటి జీహెచ్‌ఎంసీకి 67 లక్షల పైచిలుకు అన్న అంకె 2011 జనగణనది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కి వెళ్లింది. ఈ పదహారేళ్లలో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ ఎలా మారాయో మీకు తెలుసు. మోడల్‌లో ఆ జోన్లని కరెంటు కనెక్షన్లు, ఓటర్ల జాబితా, ఆస్తి పన్ను, శాటిలైట్ ఫొటోలు కలిపి ఒక అంచనాతో పూడుస్తాం. ఖాళీ ఫ్లాట్ కి కరెంటు మీటరు ఉంటుంది, మనిషి ఉండడు. గదికి ఆరుగురు ఉండే హాస్టల్‌కి ఒకటే మీటరు ఉంటుంది. గచ్చిబౌలి, మాదాపూర్ జోన్లలో ఈ రెండు తప్పులూ ఒకే వీధిలో దొరుకుతాయి.

ఇంత చెప్పాక మంచి వార్త కూడా చెప్పాలి. ఇంటింటికీ తిరగకుండా దొరికే డేటా ఈ నగరంలో బోలెడు పడి ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఏ ఇంటర్‌చేంజ్‌లో ఎక్కి ఎక్కడ దిగారో దాన్నిబట్టే టోల్. అంటే రోజూ ఒక పూర్తి ఓడీ మ్యాట్రిక్స్ దానంతటదే తయారవుతోంది. మెట్రో కార్డు గేటు దగ్గర రెండుసార్లు మోగుతుంది, అదీ అంతే. అన్నిటికంటే పెద్ద నిధి ఆర్టీసీ జీరో టికెట్. కండక్టర్ మిషన్‌లో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ కొట్టి టికెట్ ఇస్తాడు. సర్వేలో పెద్దమ్మలు చెప్పని ప్రయాణాలు ఈ టికెట్లలో ఉన్నాయి. రద్దీ బస్సులో కండక్టర్ చేతికొచ్చిన స్టేజీ కొట్టేస్తాడు, సరిదిద్దుకోవాలి, ఆ పని మాకు వచ్చు. కానీ ఈ మూడు డేటాలూ ఒకే టేబుల్ మీదికి రావాలంటే మూడు సంస్థలు ఉత్తరాలు రాసుకోవాలి. 2023లో ఔటర్ టోల్ హక్కులు 30 ఏళ్లకి 7,380 కోట్లకి ఇచ్చారు. ఆ ధర ఎక్కువా తక్కువా అని రాజకీయంగా కొట్టుకోవచ్చు, అడుగున ఉన్నది మాత్రం ముప్ఫై ఏళ్ల ట్రాఫిక్ అంచనాయే. అంత సొమ్ము తేల్చే అంచనాని తనంతట తాను సరిచూసుకోగల మోడల్ ప్రభుత్వం సొంతంగా పెట్టుకోవద్దా?

ఎంతవుతుందంటారా? మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్లకి 24,269 కోట్లు అని 2024 నవంబరులో కేంద్రానికి పంపారు. అందులో వెయ్యో వంతు 24 కోట్లు. హుమ్టాలో ఆరుగురు ఇంజినీర్లు, ఇద్దరు డేటా తెలిసినవాళ్లు, ఏటా జంక్షన్ల కౌంట్లు, రెండేళ్లకోసారి చిన్న శాంపిల్ సర్వే... ఆ సొమ్ముతో ఏళ్ల తరబడి నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు లక్షల్లో ఉంటాయి, అది భరించలేనిది కాదు. అది కూడా వద్దనుకుంటే జర్మనీ వాళ్ల సుమో, బెర్లిన్-జ్యూరిక్ వాళ్ల మ్యాట్‌సిమ్ ఉచితంగానే దొరుకుతాయి. కష్టమంతా మనుషుల్ని నిలబెట్టుకోవడంలో ఉంది. డిప్యుటేషన్ మీద వచ్చిన ఇంజినీరుకి మోడల్ చేతికి అలవాటయ్యేసరికి బదిలీ ఆర్డరు వస్తుంది.

మధ్యలో ఒక మాట. ప్రెజెంటేషన్లలో చూపించే ఆ త్రీడీ వీడియోలు, కార్లు వరసగా ఫ్లైఓవర్ ఎక్కి దిగుతుంటాయి చూడండి, అవి వేరే రకం, ఒక్కో జంక్షన్‌కి చేసే మైక్రో సిమ్యులేషన్. సిగ్నల్ టైమింగ్‌కి, యూటర్న్ ఎక్కడ పెట్టాలో చూడటానికి చక్కగా పనికొస్తాయి. కానీ ఆ వీడియోలో ఆటో ఎప్పుడూ నడిరోడ్డు మీద ఆగదు, రాంగ్ రూట్‌లో బైక్ రాదు, పానీపూరీ బండి ఉండదు. ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టే ముందు అందులో లేనివేమిటో ఒకసారి లెక్కపెట్టుకోండి.

చివరగా, మీరు ఏం చేయగలరని అడిగారు కదా. ఏదైనా ప్రాజెక్టు మీద ఆర్టీఐ వేయండి, పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. "మోడల్ ఎంత ఖర్చయింది" అని ఒక్కటే అడిగితే ఒక అంకె వస్తుంది, దానితో ఏం చేసుకోలేరు. ఒప్పందంలో మోడల్ ఫైళ్లూ సర్వే డేటా ప్రభుత్వానికి అప్పగించాలన్న షరతు ఉందా, ఉంటే ఏ తేదీన అప్పగించారు, ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉన్నాయి అని అడగండి. తెరిచి అయిదేళ్లయిన ఫ్లైఓవర్ ఏదైనా తీసుకుని డీపీఆర్‌లో (కట్టే ముందు తయారుచేసే ప్రాజెక్టు వివర నివేదికలో) అంచనా వేసిన ట్రాఫిక్ ఎంత, తెరిచాక ఎప్పుడైనా లెక్కపెట్టారా అని అడగండి. ఓడీ మ్యాట్రిక్స్ అడిగేటప్పుడు జోన్ల మ్యాప్ కూడా కలిపి అడగండి, అది లేకపోతే ఆ అంకెలు ఏ వీధివో ఎవరికీ తెలియదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ వద్దు, ఎక్సెల్ షీటే కావాలని దరఖాస్తులోనే రాయండి. వస్తే నాకూ ఒక కాపీ పంపండి, ఆ జీరో టికెట్లతో పోల్చి చూద్దామని ఎప్పట్నుంచో కోరిక.